కొసమడి వంతు

భానుప్రసాద్ నా భూమి కొన్నాడు. కొననీ. అమ్మింది నేనే, మెడ మీద కత్తి పెట్టి ఎవరూ అమ్మించలేదు. చక్కెర ఫ్యాక్టరీ పొగ ఆగిపోయాక మా ఊళ్లో సగం మంది అమ్ముకున్నారు. నా కోపం భూమి గురించి కాదు, మాట గురించి. రిజిస్ట్రేషన్‌కు ముందురోజు కొట్టేసిన చెరుకు మోళ్ల మధ్య నిలబడి, వంగి గుప్పెడు మన్ను తీసి చేతిలో పట్టుకుని అన్నాడు:

"లింబన్నా, మీ బాపు గద్దె జోలికి నేను రాను. సుట్టూ తీగ ఏపిస్త. పెత్రమాస పెత్రమాసకు మీరొచ్చి బియ్యం పెట్టుకోండ్రి, దీపం ముట్టించుకోండ్రి. అడ్డమొచ్చెటోడు ఎవడూ లేడు."

మా దిక్కు మన్ను పట్టి చెప్పిన మాటకు కాగితం అడగరు. అడిగితే అవతలివాణ్ణి దొంగ అన్నట్టే. నేను అడగలేదు.

పెత్రమాస అంటే పెద్దలకు బియ్యమిచ్చే అమావాస్య. గద్దె అంటే మా బాపు ఆశన్న సమాధి. పొలంలోనే దహనం చేసి, అక్కడే ఇటుకలతో కట్టి సున్నం వేశాం. మా పొలం కొసకు, కాలువ ఆగిపోయే చోట ఉంటుంది. అక్కడే కట్టమని బాపే చెప్పి పోయాడు. నీళ్లు అందరికీ అందాయో లేదో అక్కడి నుంచే తెలుస్తుందట.

ఆయన నీరడి. నిజాంసాగర్ పెద్ద కాలువలోంచి మా ఊరికి వచ్చే పిల్లకాలువ మీద నీళ్లు తిప్పే మనిషి. నీళ్లు విడిచిన రోజు భుజాన పార వేసుకుని కాలువ వెంట నడిచి, ఎవరి మడికి ఎంతసేపని చూసుకునేవాడు. ఆయన పెట్టిన కట్టు ఒక్కటే: వంతు కొస నుంచి మొదలు. కొసమడి తడిశాకే దాని పైమడికి, అది తడిశాక దాని పైదానికి. తూము దగ్గరివాడికి అందరికన్నా ఆఖరున. ఎందుకంటే తూము దగ్గరివాడి ముందు నుంచే నీళ్లన్నీ పోతాయి, వాడికి ఎప్పుడైనా దొరుకుతాయి. వాడికి ముందిస్తే కొసవాడికి చుక్క చేరదు. చెరుకు పెట్టినవాడికి ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

తూము దగ్గరి పొలం భానుప్రసాద్ వాళ్లది. వాళ్ల నాయన మా బాపును ఎగతాళి చేసేవాడు. "నీ పొలం కొసకున్నది గాబట్టి గీ కట్టు వెట్టినవ్ ఆశన్నా. తలకాడుంటే ఇట్లనే చెప్తుంటివా?" అనేవాడు. చీకటి పడ్డాక గండి కొట్టి నీళ్లు మళ్లించుకునేవాడు కూడా. పొద్దున బాపు వెళ్లి ఆ గండి పూడ్చేవాడు. కొట్లాడేవాడు కాదు, పూడ్చి వచ్చేవాడు.

ఇప్పుడు ఆ తండ్రి కొడుకు మా చెరుకు మోళ్లన్నీ పీకేయించి, ప్లాట్లు చేసి, 'చెరుకువనం' అని పేరు పెట్టాడు. ప్లాట్లు బాగానే పోయాయి. నలభై ఒకటో నంబరు ఒక్కటి పోలేదు. అందులో మా బాపు ఉన్నాడు.

నేను నిజామాబాద్ వచ్చి పసుపు యార్డులో బస్తాలు కుట్టుకుంటున్నాను. డిసెంబరులో ఒకరోజు యార్డు నుంచి వస్తుంటే తిలక్ గార్డెన్ గేటుకు పెద్ద ఫ్లెక్సీ కనిపించింది. ఆ గార్డెన్‌లో పొద్దున్నే నడిచేవాళ్ల సంఘం ఒకటుంది. ఏటా చలికాలంలో పార్కుల్లో నిధి వేట పెడతారు. చిట్టీల్లో పొడుపుకథల్లాగా ఆనవాళ్లు రాసి దాస్తారు. ఒకటి విప్పితే రెండోదాని చోటు తెలుస్తుంది. గెలిచినవాళ్లకు స్టీలు డబ్బాలో, దుప్పట్లో ఇచ్చేవారు. ఈసారి ఫ్లెక్సీ మీద భానుప్రసాద్ నవ్వుతున్నాడు. బహుమతి: చెరుకువనంలో ప్లాటు నంబరు నలభై ఒకటి.

నేరుగా అతని ఆఫీసుకు పోయాను.

"గద్దె ఉన్న ప్లాటు ఎవడు కొంటడన్నా?" అన్నాడు, కుర్చీ కూడా చూపించి, టీ కూడా తెప్పించి. "వచ్చినోళ్లు గద్దె సూడంగనే బండి మర్రేసుకొని పోయిండ్రు. అందుకే బహుమతిల పెట్టిన. గెలిచినోళ్లకు సాపు జేసి ఇస్త. సోమవారం జెసిబి వస్తది."

"మన్ను పట్టి చెప్పినవ్ భానూ."

"చెప్పిన, లేదంటలేను. గద్దె పార్కు జాగల కలుస్తదనుకున్న. లేఅవుట్ గీసినంక ప్లాటు కిందికొచ్చింది. నేనేం జెయ్యాలె, నువ్వే చెప్పు?" టీ గ్లాసు నా వైపు జరిపాడు. "ఒక పని జెయ్యి. నువ్వు గూడ పేరు రాయించుకో. గెలువు. ప్లాటు నీదే, గద్దె నీదే. నేను వద్దన్ననా?"

పక్క టేబుల్ దగ్గరి మనుషుల వైపు తిరిగి, "లింబన్న చిట్టీలు విప్పుతడట, ఇంక మిగతోళ్లు ఇంటికి పోవాల్సిందే" అన్నాడు. వాళ్లు నవ్వారు. నేను ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణని అతనికి తెలుసు. ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లం.

టీ తాగకుండా లేచాను. అదే సాయంత్రం పేరు రాయించాను. జంటగా ఆడాలన్నారు. మా అక్క రాధాబాయి పేరు చెప్పాను.

అక్కకు చదువు రాదు. బీడీలు చుడుతుంది, నోరు మాత్రం కత్తెరకన్నా పదును. సంగతంతా విని, ఒళ్లోని చాట పక్కన పెట్టి, "వాని ఆటల వాణ్ణే ఓడగొడదాం తియ్యి. లేకుంటే సోమవారం ఏ మొఖం వెట్టుకొని సూస్తం బాపును?" అంది.

ఆదివారం పొద్దున తిలక్ గార్డెన్ నిండా పొగమంచు. ట్రాక్ సూట్లు, షూలు, మంకీ క్యాపులు. మొగుడూ పెళ్లాలు, అన్నదమ్ములు, స్నేహితురాళ్లు, అందరూ పిక్నిక్‌కు వచ్చినట్టు నవ్వుకుంటున్నారు. అక్క రబ్బరు చెప్పులతో, భుజాల మీద పాత శాలువాతో నిలబడింది.

సంఘం పెద్ద సుకన్య టీచర్ మైకు పట్టుకుని నియమాలు చెప్పింది. జంటలో ఇద్దరి చేతులకూ ఒకే రిబ్బన్ కడతారు. విప్పుకుంటే ఆట పోయినట్టే. చిట్టీ దొరికితే చదివి అక్కడే పెట్టేయాలి, పట్టుకుపోకూడదు.

"మూడు పార్కులు, నాలుగు చిట్టీలు. మొదటి మూడూ నేనే రాశాను" అందామె. "ఆఖరిది మన భానుప్రసాద్ గారు సొంతంగా రాశారు. అందులో ఏముందో నాకూ తెలియదు. చివరి చోట కుండలు ఉంటాయి, ఒక్కదాంట్లోనే ఇత్తడి చెంబు. అది దొరికినవాళ్లదే ప్లాటు. ఒక జంట ఒక్క కుండే పగలగొట్టాలి. తప్పితే మళ్లీ అవకాశం లేదు."

అక్క నా చేతిని గిచ్చింది. "ఒక్కటే అంటున్నది రా."

"విన్న."

మాకు పసుపు రిబ్బన్ కట్టారు. మా పక్కన నిలబడిన జంట నితీష్, వినీత. కొత్తగా పెళ్లైనవాళ్లు. ఆ పిల్ల మా అక్కను చూసి, "మీరు గూడ ఆడుతున్నరా అమ్మా? మస్తు హుషారున్నరు!" అని నవ్వింది. అక్క నవ్వలేదు.

ఈల ఊదగానే మొదటి చిట్టీ అందరికీ పంచారు. నేను కూడబలుక్కుని చదివాను: 'పోయినవారి ఒడిలో బతికినవారు కూర్చుంటారు. పేరు వీపుకు ఆనుతుంది. వాళ్లలో ఆడమనిషి ఒక్కతే. ఆమె కాళ్ల దగ్గర వెతకండి.'

జనం విగ్రహం వైపు కొందరు, మ్యూజియం వైపు కొందరు ఉరికారు. నేనూ ఒక అడుగు అటే వేశాను. రిబ్బన్ బిగుసుకుంది. అక్క కదల్లేదు.

"యాడికి ఉరుకుతవ్? గది బెంచి రా."

"ఏ బెంచి?"

"కార్ఖానల బీడీలు అప్పజెప్పి వస్తుంటే నేను ఈడనే కూసుంట. సిమెంటు బెంచీల మీద ఏందో రాసి ఉంటది. సచ్చిపోయినోళ్ల పేరు మీద కొడుకులు ఏపిచ్చిండ్రని నా ఎంబడొచ్చే భాగ్యలక్ష్మి చెప్పింది."

పట్నంలో పోయినవాళ్లకు పార్కులో బెంచీ వేస్తారు, పేరు చెక్కిస్తారు, మున్సిపాలిటీవాళ్లు వచ్చి రంగు కూడా వేస్తారు. ఆ మాట మనసులోనే అనుకుని అక్కతో పాటు ఒక్కో బెంచీ వెనక్కి పరుగెత్తాను. అక్షరాల్లో సగం అరిగిపోయాయి. గంగాధర్, విఠల్‌రావు, నర్సింగరావు, అన్నీ మగ పేర్లే. నేను వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడుతుంటే అక్క ఊరుకోదు. "జల్ది సదువు. గంత సేపా ఒక్క పేరుకు? బాపు నిన్ను బడికి పంపింది గిందుకేనా?"

"పంపిండు. పార పట్టనీకె మళ్ల పట్కపోయిండు."

బోరింగు దగ్గర, గన్నేరు చాటున ఉన్న బెంచీ మీద దొరికింది: 'సుమిత్రమ్మ జ్ఞాపకార్థం.' అక్క మోకాళ్ల మీద వంగి కింద తడిమింది. టేపుతో అంటించిన చిట్టీ. అప్పటికే వెనక అడుగుల చప్పుడు. నితీష్ వాళ్లు మమ్మల్ని చూసి వస్తున్నారు. చదివి, అంటించేసి, లేచేసరికి నా చొక్కా చెమటతో తడిసింది, అంత చలిలో.

రెండో చిట్టీలో ఇలా ఉంది: 'చదువులమ్మ నీళ్ల నడుమ కూర్చుంది. ఆమెకు ఎదురుగా నిలబడి దండం పెట్టండి. మీ వీపు వెనక ఉన్న బండను అడగండి.'

బోధన్ రోడ్డు మీద తిరిగినవాళ్లకు ఇది కష్టం కాదు. అశోక్ సాగర్ చెరువు మధ్యలో సరస్వతి విగ్రహం ఉంది. ఒక జంట మాత్రం చదువులమ్మ అనగానే బాసర బస్సెక్కిందని తర్వాత తెలిసింది. నా ఎక్సెల్ బండి మీద అక్కను కూర్చోబెట్టుకుని బయల్దేరాను. రిబ్బన్ విప్పకూడదు కదా, అక్క చేయి నా నడుం చుట్టూ తిప్పుకుని పట్టుకుంది. మంచులో పది గజాల దూరం కనపడటం లేదు. ఎదురొచ్చే లారీల లైట్లు ఉన్నట్టుండి మీద పడుతున్నాయి. నితీష్ వాళ్ల తెల్ల కారు హారన్ కొట్టుకుంటూ మమ్మల్ని దాటిపోయింది.

"పాయె" అంది అక్క.

"నోరు మూసుకో అక్కా. బండి తోలనియ్యి."

అశోక్ సాగర్ చేరేసరికి వాళ్లు బండల మధ్య తిరుగుతున్నారు. ఒడ్డున నిలబడి చూస్తే సరస్వతి మంచులో నీడలా ఉంది. ఆమె చూపు నా మీద ఎన్నడూ పడలేదు, ఇవాళ పడితే ఏం పోయిందనుకుంటూ ఎదురుగా నిలబడి, నిజంగానే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను. రిబ్బన్‌తో పాటు అక్క చేయి కూడా లేచింది. వెనక్కి తిరిగితే నిలువెత్తు బండ. దాని పగులులో చిట్టీ. నితీష్ వాళ్లు చుట్టుపక్కల బండలన్నీ వెతుకుతున్నారే గాని, అమ్మకు ఎదురుగా నిలబడి చూడాలని వాళ్లకు తోచలేదు.

'అలీసాగర్ తోటకు పోండి. గేటు దగ్గరి మనిషి ఆఖరి చిట్టీ చూపిస్తాడు.'

మేము బండి ఎక్కుతుంటే వెనక నుంచి వినీత కేక వినిపించింది. "దొరికింది, ఈడ్నే ఉన్నది!" మాకూ వాళ్లకూ మధ్య రెండు నిమిషాలు కూడా లేదు.

రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్ అడ్డం దొరికింది. ఇప్పటికీ కొందరు పెడుతున్నారు, కోసి పక్క జిల్లా ఫ్యాక్టరీకి పంపిస్తారు. ఒక ట్రాలీ వెనక ఇంకో ట్రాలీ, రెండు వైపులా చెరుకు గడలు వేలాడుతున్నాయి. మంచులో కార్లు దాన్ని దాటలేక బారు కట్టాయి. నేను మట్టి అంచు మీదికి బండి దించి, గడలు భుజానికి రాసుకుంటుండగా పక్కనుంచి దూరిపోయాను. వెనక్కి చూస్తే తెల్ల కారు ట్రాలీ వెనకే నిలిచిపోయి ఉంది.

అక్క నా వీపు మీద కొట్టింది. "ఇన్నేండ్లకు చెరుకు మనకు అక్కరకొచ్చింది రా తమ్మీ!"

ఆ పొద్దున ఇద్దరం కలిసి నవ్వింది ఆ ఒక్కసారే.

అలీసాగర్ గేటు దగ్గర అందరికన్నా ముందు మేమే. భానుప్రసాద్ లోపల కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, చుట్టూ ఫోన్లు పట్టుకున్న మనుషులు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. ముఖంలో నవ్వు లేదు. గేటు దగ్గరి మనిషి అట్ట మీద అంటించిన చిట్టీ చూపించాడు. రెండుసార్లు చదివాను.

'ఒక కాలువ. ఏడు మడులు. ఏడు కుండలు. నీళ్ల వంతు మొదట ఎవరిదో ఆ మడిలో నా బహుమతి. భానుప్రసాద్.'

తోటలో వాలుగా ఏడు పూలమడులు. పైన నీళ్ల తొట్టి, దానికి చిన్న తూము, అక్కడి నుంచి మడుల పక్కన సన్నటి సిమెంటు కాలువ. ఒక్కో మడి మధ్యలో మూతికి గుడ్డ కట్టిన కుండ. తూము పక్కన మొదటి మడి, బంతిపూలు విరగబూసి ఉన్నాయి. అన్నిటికన్నా కింద, కంచె దగ్గర కొసమడి. దాని మన్ను పగుళ్లు పట్టి ఉంది, చామంతి మొక్కలు తల వాల్చాయి.

ఇంత సులువుగా రాశాడా? మా కాలువ సంగతే రాశాడా? బహుశా మనసులో ఎక్కడో మాట తప్పిన నొప్పి ఉండి, నాకోసమే రాశాడేమో అనిపించింది.

"కొసమడి అక్కా. నడువు."

అక్క కదల్లేదు. రిబ్బన్ బిగిసింది. "తూము కాడిది రా. మొదటిది."

"వంతు యాడికెళ్లి మొదలైతది? కొసకెళ్లి. బాపు నోట ఎన్నిసార్లు వినలేదు?"

"రాసింది బాపా? వాడు రాసిండు. వాని పొలం యాడుండె? తలకాడ. వాని ఇంట్ల వంతంటే తలకెళ్లే."

"వాడు మన కాలువల ఈతగొట్టినోడే. వంతంటే ఏందో వానికి తెల్వదా?"

"తెలుసు. తెలిసే వాళ్ల నాయిన గండి గొట్టెటోడు."

"గండి గొడితే వంతెట్లయితది? దొంగతనమైతది."

"అరె, వాడు నీతి రాయలే రా, ఆట రాసిండు! ఏడు మడులల్ల మొదటిది ఏదంటే ఎవడైనా ఏం జెప్తడు? చిన్న పోరగాన్ని అడుగు, తూము కాడిదే జూపిస్తడు."

గేటు దగ్గర కారు తలుపులు దబదబ మూసుకున్న చప్పుడు. నితీష్, వినీత చిట్టీ దగ్గరికి పరుగెత్తుతున్నారు. నేను రిబ్బన్ పట్టి లాగాను. అక్క గడ్డి మీద కూలబడింది, నన్ను పోనియ్యకుండా.

"లింబా, నా మాటిను. ఒక్కటే కుండ. బాపు గద్దె పోతది."

"బాపు గద్దె కోసం వచ్చి బాపు కట్టు కాదందునా? తూము కాడోనిదే మొదటి వంతని నా చేత్తోని కుండ పగలగొట్టి, ఆ ప్లాటుకు పోయి ఏమని దండం పెట్టాలె ఆయనకు?"

అక్క నా ముఖంలోకి చూసింది. ఏమనుకుందో నాకు తెలియదు. నేల మీద చేయి ఆనించి లేచింది.

"సరె. నడువు. తర్వాత నన్నేం అనకు."

ఇద్దరం వాలులో కిందికి ఉరికాం. అక్క చెప్పు ఒకటి దారిలోనే జారిపోయింది, ఆగలేదు. కొసమడి గట్టు మీద రాయి పెట్టి ఉంది, కుండ కొట్టడానికి. తీసుకున్నాను. ఒక్క క్షణం పైకి చూశాను. భానుప్రసాద్ కుర్చీ ముందు నిలబడి నన్నే చూస్తున్నాడు. అతని ముఖంలో ఏదైనా దొరుకుతుందేమోనని వెతికాను. కన్ను కూడా ఆర్పలేదు.

కొట్టాను.

ఇసుక. తడి లేని ఎర్ర ఇసుక జారి నా పాదాల మీద పోసింది. అందులో చేతులు పెట్టి వెతికాను. పెంకులు ఏరి పక్కన వేసి మళ్లీ వెతికాను. అక్క నా భుజం మీద చేయి వేసి, "లేదు తియ్యి" అంది. నేను వేళ్లు కింది మన్ను దాకా దించాను. మన్ను రాయిలా ఉంది.

పైన వినీత చిట్టీ చదవడం, నితీష్ తూము వైపు వేలు చూపించడం, రెండూ ఒకేసారి జరిగాయి. వాళ్లకు ఆలోచించాల్సిన పనే లేదు. కుండ పగిలిన చప్పుడు, వెంటనే ఇత్తడి చెంబు రాతి మీద దొర్లిన చప్పుడు. చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల చెంబు ఎత్తి పట్టుకుని గంతులు వేసింది.

నేను పైకి నడిచాను. రిబ్బన్ ఇంకా చేతికే ఉంది. అక్క ఒక కాలికే చెప్పుతో నా వెంట వచ్చింది.

"వంతు కొసకెళ్లి కదా భానూ?" అన్నాను.

అతను నన్ను పక్కకు తీసుకుపోయాడు. గొంతు తగ్గించి, ఎగతాళి లేకుండానే చెప్పాడు. "గది మీ బాపు ఉన్నన్ని దినాలన్నా. ఆయన పోయినంక ఆ కాలువ మీద ఎవడన్న కొసకెళ్లి ఇచ్చిండా? నువ్వు చెరుకు పెట్టిన ఆఖరి ఏండ్లల్ల నీకు అందినయా నీళ్లు? నేనేం మోసం జేయలే. అందరికి తెలిసినట్టే రాసిన."

"నేను కొసకు పోతనని నీకు తెల్వదా?"

ఫోటో కోసం ఎవరో పిలిస్తే వెళ్లిపోయాడు.

అక్క అంతటితో ఊరుకునే మనిషి కాదు. నన్ను లాక్కుని వినీత దగ్గరికి పోయి, గద్దె సంగతి మొత్తం చెప్పింది. ఆ పిల్ల నవ్వు ఆగిపోయింది. "మా ఇందల్వాయి పొలంల గూడ మా తాత గద్దె ఉన్నదమ్మా. దాని పక్కకెళ్లి చెప్పులేసుకొని గూడ నడువం" అంది. నితీష్ తన తండ్రికి ఫోన్ చేశాడు. కొంచెం దూరం పోయి మాట్లాడాడు. తిరిగొచ్చి నా వైపు చూడకుండా అన్నాడు:

"అంకుల్, మా డాడీ ఒప్పుకుంటలేడు. ఇల్లు కట్టే జాగల సమాధి ఉండొద్దంటున్నడు. మీరు ఇంకో తాన కట్టుకోండ్రి అంకుల్, ఇటుకలు మేమే పంపిస్తం."

మంచి పిల్లగాడే. ఇంకో తాన అన్నాడు. నాకు ఇంకో తావు ఎక్కడిది? యార్డులో పసుపు బస్తాల పక్కన కట్టనా? అక్క అద్దెకుండే ఒక్క గదిలో, బీడీ ఆకు తడిపే బకెట్ పక్కన కట్టనా? ఆ మాట అతనితో అనలేదు. అతని భార్య అప్పటికే కళ్లు తుడుచుకుంటోంది.

సుకన్య టీచర్ వచ్చి మా రిబ్బన్ కత్తిరించింది. పాల్గొన్నందుకు ఒక్కో జంటకు ఒక్కో దుప్పటి ఇచ్చారు. అక్క దాన్ని గేటు దగ్గరి గట్టు మీద పెట్టి వచ్చేసింది.

సోమవారం పొద్దున్నే చెరుకువనానికి పోయాం. జెసిబి మాకన్నా ముందే వచ్చి ఉంది. డ్రైవర్ మమ్మల్ని చూసి, ఇంజన్ ఆపి, "జర్ర సేపు కూసుంటరా అవ్వా? నాకు తొందరేం లేదు" అన్నాడు. అక్క పసుపు, కుంకుమ పెట్టి, బియ్యం పోసి, దీపం ముట్టించింది. గాలికి రెండుసార్లు ఆరిపోయింది. మూడోసారి చేయి అడ్డం పెట్టి అలాగే కూర్చుంది. తర్వాత లేచి డ్రైవర్‌కు తల ఊపింది. రెండు దెబ్బలకు గద్దె పోయింది. అంత చిన్నదని నాకు అప్పటిదాకా తెలియదు.

అక్క బీడీల చాట తెచ్చుకుంది. గద్దె కింది మన్ను అందులోకి ఎత్తుకుంది. యాసంగి పంటకు నీళ్లు విడిచారని డ్రైవర్ చెప్పాడు, కాలువలో కలిపేద్దామని ప్లాటు వెనక్కి నడిచాం. కాలువ ఎండిపోయి ఉంది. అడుగున నెర్రెలు, వాటిలో ఎవరో పారేసిన నీళ్ల సీసాలు. పైన ఎక్కడో మోటార్లు నడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. నీళ్లు తూము దగ్గరే తిరుగుతున్నాయి, ఇక్కడికి రాలేదు. ఎండిన కాలువలో పోయబుద్ధి కాక మన్ను వెనక్కి తెచ్చుకున్నాం. ఆ మన్ను ఇప్పటికీ అక్క గదిలో, చాట మీద గుడ్డ కప్పి, మూలకు ఉంది.

నేను అమ్మింది ఎకరా పన్నెండు గుంటలు. దాని పైసలు నాకు ముట్టాయి, దాని గురించి ఎవరినీ ఏమీ అనను. భానుప్రసాద్ వల్ల నాకు పోయింది వేరే. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. గజాల్లో చెప్పాలంటే రెండు గజాలు.